బహుమతులు గెలిచే పాడి ఆవుల మందను డబ్బు పెట్టి కొనలేమా? రైతు కుటుంబాలు దాన్ని ఎలా తయారు చేస్తాయి?

డబ్బుంటే పోటీలో గెలిచే ఆవును కొనుక్కోవచ్చు. ఏటేటా గెలిచే మంద మాత్రం ఇంట్లో పుట్టి పెరగాల్సిందే. చాలా కుటుంబాలు ఒకటి రెండు మంచి తల్లి ఆవులతో మొదలుపెట్టి, వాటి కూతుళ్లు, మనవరాళ్ల మీదే తరాలపాటు పనిచేస్తాయి.

అసలు తెలివి ఆబోతు ఎంపికలో ఉంటుంది. పాలెక్కువ ఇచ్చే వంశం అనగానే సూది (ఆబోతు వీర్యంతో కృత్రిమ గర్భధారణ) వేయించేయరు. ముందు ఆవు లోపం చూస్తారు. పొదుగు వెనక కాలి కీలు కంటే కిందికి జారిందా? ముందు భాగం పొట్టకు గట్టిగా అతుక్కుని ఉందా? చన్నులు మరీ ఎడంగా ఉన్నాయా? ఆ లోపాన్ని కూతుళ్లలో సరిదిద్దే ఆబోతునే ఎంచుతారు. ఈ పట్టింపు ఊరికే కాదు, అమెరికా పోటీల్లో పాడి ఆవుకు వాడే స్కోర్‌కార్డులో 100కి 40 మార్కులు పొదుగువే.

ఫలితం మాత్రం ఆలస్యం. చూడి తొమ్మిది నెలల పైమాటే, పుట్టిన పెయ్య ఈనడానికి ఇంకో రెండేళ్లు. అదీ పెయ్య పుడితేనే! ఇప్పుడు జీనోమిక్ పరీక్షతో, అంటే జన్యువుల పరీక్షతో, పెయ్య ఎలాంటి ఆవు అవుతుందో దూడ వయసులోనే కొంత అంచనా వస్తుంది. మేటి ఆవు పిండాలను మామూలు ఆవుల గర్భంలో పెట్టి, ఏడాదికి ఒక్క దూడ అనే పరిమితినీ దాటుతున్నారు.

చిక్కల్లా ఒకే వంశం మీద మోజు పెరగడం. దగ్గరి సంబంధాలు ఎక్కువైతే చూడి సరిగ్గా నిలవదు, దూడలు బలహీనపడతాయి. అందుకే సూది వేయించే ముందు ప్రతిసారీ వంశావళి పుస్తకం తిరగేస్తారు. పోటీకి నడక నేర్పడం, వెంట్రుకలు కత్తిరించడం లాంటివి ఆఖరి నెలల పని, వాటిలో ఇంట్లో పిల్లలూ చెయ్యి వేస్తారు.