సమాధానం: టెలిమాన్ లార్గో ఎందుకు సాగదీసినట్టుంది

జర్మన్ స్వరకర్త టెలిమాన్ రాసిన జి మేజర్ వయోలా (వయొలిన్ కంటే కాస్త పెద్ద వాద్యం) కాన్సర్టోలో మొదటి భాగం లార్గోని, అంటే నెమ్మది భాగాన్ని, మెట్రోనోమ్ (లయ కొట్టే పరికరం) 60 దగ్గర, అంటే నిమిషానికి 60 దెబ్బలతో, వాయిస్తుంటే ప్రాణం లేనట్టుంది, పైగా మామూలుగా ఉల్లాసంగా వినిపించే మేజర్ అయి ఉండీ దిగులుగా వినిపిస్తోంది అన్నారు కదా. చిక్కంతా ఆ 60ని క్వార్టర్ నోట్‌కి (హాఫ్ నోట్‌లో సగం నిడివి స్వరానికి) పెట్టడంలోనే ఉందండీ. ఆ భాగం 3/2 తాళంలో ఉంది. అంటే బారుకి (తాళంలో ఒక ఆవృత్తానికి) మూడే దెబ్బలు, ఒక్కో దెబ్బా ఒక హాఫ్ నోట్. మీరేమో ఆరు లెక్కపెడుతున్నారు, అంటే హాఫ్ నోట్ 30కి పడిపోయింది! దాన్ని 48-52 మధ్య పెట్టి, మూడు దెబ్బల్లో మొదటిదాని మీద మాత్రమే కాస్త బరువు వేయండి. ఈ అంకె నా చెవికి నచ్చింది, అంతే. మెట్రోనోమ్‌కి మెల్జెల్ పేటెంట్ తీసుకున్నది 1815లో, టెలిమాన్ పోయింది 1767లో. కాబట్టి మీ స్వరలిపి ప్రతిలో ఏ అంకె ఉన్నా అది ఎవరో తర్వాత చేర్చినదే.

ఇక భావం. ఇది గంభీరం, శోకం కాదు. వయోలా ఖాళీ తీగలు సి, జి, డి, ఎ నాలుగూ జి మేజర్‌లోని స్వరాలే. మూడో తీగ (జి) మీద డి ని వేలితో నొక్కి వాయించి బో (కమాను) ఎత్తేయండి. శ్రుతి సరిగ్గా ఉంటే పక్కనున్న ఖాళీ డి తీగ తనంతట తనే మోగుతూ ఉంటుంది. ఆ మోతకి చోటివ్వండి, వైబ్రాటో (వేలితో స్వరాన్ని వణికించడం) తగ్గించండి, బోని తీగకి అదిమిపెట్టకండి. దిగులు కావాలంటే మూడో భాగం ఆండాంటే (నడక వేగంలో సాగేది) ఉంది, అది ఇ మైనర్. అక్కడ ఎంత కరిగిపోయినా ఫరవాలేదు.