సెయిల్ బోటులో వెళ్తూ డొమినికాలో ఒక్క రోజు ఆగితే ఏం చూడొచ్చు? బోటును లంగరు మీద వదిలి వెళ్లొచ్చా?

కరీబియన్ ద్వీపాల్లో గ్వాడెలూప్ నుంచి మార్టినిక్‌కు దిగుతూ మధ్యలో ఒక పగలు డొమినికాలో గడపాలని, రాజధాని రోసోలో ఆగాలా, ఉత్తరాన పోర్ట్స్‌మత్‌లో ఆగాలా అని అడిగారు. ఒక్క రోజే అయితే పోర్ట్స్‌మత్. రోసో ముందు సముద్రం ఒడ్డు దాటగానే లోతైపోతుంది, లంగరుకు చోటు తక్కువ. పోర్ట్స్‌మత్ ఉన్న ప్రిన్స్ రూపర్ట్ బే విశాలమైనది, చూడదగ్గవి రెండు బోటు దగ్గర్లోనే ఉంటాయి.

ముందురోజు మధ్యాహ్నానికల్లా చేరండి. దేశంలోకి అనుమతి ఇంకా తీసుకోలేదని తెలిపే పసుపు జెండా ఎగరేసి, కెప్టెన్ ఒక్కరే కాగితాలతో ఒడ్డున కస్టమ్స్, ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకు వెళ్లాలి. ముద్ర పడేదాకా మిగతావాళ్లు బోటులోనే ఉండాలి. వివరాలు సెయిల్‌క్లియర్ అనే వెబ్‌సైట్‌లో ముందే నింపి ఉంచితే ఆఫీసులో పని తొందరగా తెములుతుంది. పనివేళలు దాటినా, ఆదివారమైనా అదనపు రుసుము పడుతుంది. తెల్లారి చేరి ఆ రోజే అంతా చూసేద్దామనుకుంటే పొద్దు సగం ఆఫీసులోనే అయిపోతుంది.

ఇక బోటు సంగతి. గట్టిగా కట్టారని సరిచూసుకున్నాక వదిలి వెళ్లొచ్చు. స్థానిక పడవవాళ్ల సంఘం, అందరూ 'పేస్' అంటారు, అద్దెకు బోయ్‌లు (లంగరు బదులు బోటును కట్టేసుకునే, నీటి అడుగున బిగించిన తేలుడు బుడ్లు) ఇస్తుంది, కాపలా కూడా తిరుగుతుంది. బోయ్ తీసుకుంటే దాని తాడు మీద మాత్రమే ఆధారపడకండి. మీ తాళ్లు రెండు తీసి, ఒక్కోదాన్నీ బోయ్ రింగులోంచి దూర్చి, రెండు కొసలూ బోటు ముందుభాగంలోని క్లీట్లకు (తాళ్లు కట్టే కొక్కేలకు) కట్టండి. సొంత లంగరైతే లోతుకు బోటు ముందుభాగం ఎత్తు కూడా కలిపి దానికి కనీసం అయిదింతల గొలుసు వదలాలి. ఆరు మీటర్ల లోతు, 1.2 మీటర్ల ఎత్తు అనుకుంటే 36 మీటర్లు. బోటును వదిలి వెళ్తున్నారు కాబట్టి చోటుంటే ఏడింతలు వదలండి. తర్వాత ఇంజన్ రివర్స్‌లో పెట్టి మెల్లగా వేగం పెంచుతూ, ఒడ్డున ఒకదాని వెనక ఒకటి వచ్చే రెండు గుర్తులు, ఒక చెట్టు, ఒక ఇంటి మూల లాంటివి, చూస్తూ ఉండండి. వాటి వరస చెదరకపోతే లంగరు పట్టినట్టు. పగలే కాబట్టి ఈత అద్దాలు పెట్టుకుని నీళ్లలోకి దిగి లంగరును కంటితో చూసి రావడం ఇంకా మేలు.

ఇక్కడ గాలి ఒకే దిక్కు నుంచి రాదు. తూర్పున ఉన్న కొండల మీంచి విసురుగా కిందికి దూకుతుంది, ఆగుతుంది, మళ్లీ ఇంకో పక్క నుంచి వస్తుంది. బోటు గిరగిరా తిరుగుతుంది కాబట్టి పక్క బోటుకు దూరం చుట్టూ లెక్కవేయాలి. వెళ్లేముందు పై తలుపులన్నీ మూసేయండి, ఎండగా ఉన్నా సరే. కొండవాన చెప్పి రాదు. తడిసిన పరుపులు ఆరడానికి ఒక్క రోజు చాలదు.

ఈ బేలో కలిసే ఇండియన్ రివర్ అనే నదికి పొద్దున్నే వెళ్లండి. అందులో ఇంజన్ నడపకూడదు, గైడు తెడ్లతోనే తీసుకెళ్తాడు. ముందే మాట్లాడుకుంటే మీ బోటు దగ్గరికే వచ్చి ఎక్కించుకుంటాడు, డింగీ (ఒడ్డుకు వెళ్లిరావడానికి వాడే చిన్న గాలి పడవ) బెడద ఉండదు. రెండు ఒడ్లా చెట్ల వేళ్లు గోడల్లా, పలకలు పలకలుగా నీళ్లలోకి దిగి ఉంటాయి. గాటు పడితే ఎర్రటి జిగురు కారుతుంది; మన ఎర్రచందనం ప్రజాతికి చెందినవే ఇవి. వేళ్ల సందుల్లో పీతలు, పైన కొంగలు. ఎండెక్కాక, క్రూజ్ షిప్ వచ్చిన రోజైతే మరీ, వరస పడవలు, మాటల సందడి తప్ప ఏమీ మిగలదు.

తర్వాత డింగీలో బే ఉత్తర కొసన ఉన్న కాబ్రిట్స్ కొండలకు. అక్కడి ఫోర్ట్ షర్లీ బ్రిటిష్ కోట. 1802లో ఇక్కడే 8వ వెస్ట్ ఇండియా రెజిమెంట్‌లోని నల్లజాతి సైనికులు తిరగబడ్డారు. బ్రిటిష్ సైన్యంలోని బానిస సైనికులందరికీ 1807లో విముక్తి రావడానికి ఆ తిరుగుబాటు దారి వేసింది. బాగుచేసిన భవనాలు చూసి తిరిగి రాకండి. పైకి నడిస్తే అడవి మింగేసిన ఫిరంగులు కనిపిస్తాయి. జెట్టీ దగ్గర డింగీకి వెనక చిన్న లంగరు వేయండి. లేదంటే అలలకు జెట్టీ కిందికి దూరి, నీరు లేచినప్పుడు జెట్టీ మేకులు తగిలి డింగీ గాలిగొట్టం చిరుగుతుంది. డింగీ ముందువైపు తాడు పొడుగ్గా వదిలితే మిగతావాళ్లకూ దారి ఉంటుంది. తీగతో తాళం వేయండి.

కాబ్రిట్స్ బదులు జలపాతం కావాలంటే టాక్సీలో ఎమరాల్డ్ పూల్ వెళ్లొచ్చు, దారి గంట పైనే. రెండూ ఒకే రోజు పెట్టుకోకండి. బాయిలింగ్ లేక్ (ఉడికే నీళ్ల సరస్సు) అసలే వద్దు, దానికి నడకే ఒక రోజు. టాక్సీ ధర మాట్లాడేటప్పుడు మనిషికా బండికా, అమెరికా డాలర్లా తూర్పు కరీబియన్ డాలర్లా అని తేల్చుకోండి. ఒక అమెరికా డాలరుకు 2.70 తూర్పు కరీబియన్ డాలర్లు, ఈ మారకం స్థిరం. గొడవలన్నీ ఈ రెండు ప్రశ్నలు అడగకపోవడం వల్లే.

మిలిటరీ మచ్చల బట్టలు ఇక్కడ నేరం, చొక్కా అయినా టోపీ అయినా బోటులోనే ఉంచండి. బీచ్‌లో చిన్న పచ్చ ఆపిల్ లాంటి కాయలున్న చెట్టు మాంచినీల్. కాయ విషం, పాలు తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. వానలో దాని కింద నిలబడ్డా అంతే, ఆకుల మీంచి కారే నీళ్లలో ఆ పాలు కలుస్తాయి.

సాయంత్రం అయిదింటికల్లా బోటు ఎక్కేయండి. ఉష్ణమండలంలో పొద్దు గూకాక అరగంట కూడా వెలుతురు ఉండదు, చీకట్లో లంగరు తాళ్ల మధ్య డింగీ నడపడం కష్టం. ఎక్కగానే లంగరు వేసినప్పుడు చూసుకున్న రెండు గుర్తుల వరస మళ్లీ సరిచూసి, లంగరు దీపం వెలిగించి, డింగీని నీళ్లలో వదలకుండా పైకి ఎత్తి తాళం వేయండి.