నీరసం అనకు, ఏం చేయలేకపోతున్నావో చెప్పు

అమ్మలూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి గంటసేపు ఏడ్చింది. ఎనిమిది నెలలైంది, ముగ్గురు డాక్టర్లయ్యారు, మెదడుకి ఎంఆర్‌ఐ కూడా తీశారు, అన్నీ నార్మల్ అంటున్నారు, పిల్ల మాత్రం మెట్లెక్కలేకపోతోంది అని. నువ్వేమో "ఇంక ఎవరికీ చూపించుకోను" అన్నావట. ఆ మాట విన్నాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఒకప్పుడు నేనూ అదే మాట అన్నాను. ఫోన్లో చెబుదామంటే సాయంత్రానికి నా గొంతు సహకరించదని నీకు తెలుసు కదా. అందుకే పొద్దున్నే లేచి రాస్తున్నాను.

ముందు ఒక్కటి గుర్తుపెట్టుకో. కాళ్ళలో మొదలైన బలహీనత రోజుల్లో పైకి పాకుతున్నా, పడుకుంటే ఊపిరి ఆడకపోయినా, తాగిన నీళ్ళు ముక్కులోంచి వచ్చినా, మూత్రం బిగుసుకుపోయినా, ఉన్నట్టుండి మూతి వంకరపోయి ఒకవైపు చెయ్యి పడిపోయినా అది ఓపీ చీటీ రాయించుకుని కూర్చునే పని కాదు. ఆ నిమిషమే ఎమర్జెన్సీకి వెళ్ళాలి. పక్షవాతం వస్తే రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ని మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. నీకు ఇవేవీ లేవని మీ అమ్మ చెప్పింది. కాబట్టి మనకి నిదానంగా ఆలోచించే వ్యవధి ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు ముగ్గురు డాక్టర్ల దగ్గరా మొదట అన్న మాటేంటో మీ అమ్మని అడిగాను. "నీరసంగా ఉంటోంది, నరాలు లాగుతున్నాయి" అన్నావట. తల్లీ, మన తెలుగులో నీరసం అన్న మాట చాలా పెద్ద సంచి. నిద్ర చాలకపోయినా నీరసమే, రక్తం తక్కువైనా నీరసమే, మనసు బాగోలేకపోయినా నీరసమే, తొడ కండరంలో నిజంగా బలం పోయినా నీరసమే. రోజుకి వందమందిని చూసే డాక్టరు ఆ మాట వినగానే బీ కాంప్లెక్స్ రాసేస్తాడు. నరాలు అన్న మాటా అంతే. రక్తం తీసేటప్పుడు నర్సు "నరం దొరకట్లేదు" అంటుంది, అది రక్తనాళం. మనం నరాలు లాగుతున్నాయంటాం, చాలాసార్లు అది కండరం. తిమ్మిరి అంటే స్పర్శ తెలియకపోవడమా, చీమలు పాకినట్టుండటమా, సూదులు గుచ్చినట్టుండటమా? డాక్టరుకి ఈ మూడూ వేర్వేరు.

అందుకే జబ్బు మాటలు పక్కన పెట్టి, పని మాటలు చెప్పు. "నేల మీద కూర్చుంటే చెయ్యి ఊనకుండా లేవలేకపోతున్నాను. బట్టలు ఆరేసేటప్పుడు రెండో చీరకే చేతులు దించేస్తున్నాను. జడ సగంలో ఆపుతున్నాను." ఇలా చెబితే డాక్టరు చూపు భుజాల, తుంటి కండరాల మీదికి వెళుతుంది. "చెప్పు జారిపోయినా తెలియట్లేదు, కళ్ళు మూసుకుని మొహం కడుక్కుంటే తూలుతున్నాను" అంటే పాదాల నుంచి కబురు మోసే నరాల మీదికో, వెన్నుపాము మీదికో వెళుతుంది. "తాళం తిప్పలేను, గుండీ పెట్టుకోలేను" అంటే ఇంకో దారి. బలం మెదడు దగ్గర తగ్గిందా, వెన్నుపాములోనా, నరంలోనా, నరం కండరాన్ని కలిసే చోటా, కండరంలోనా అన్నది తేల్చుకోవడమే నరాల డాక్టరు మొదటి పని. అది తేలాకే ఏ పరీక్ష చేయించాలో తెలుస్తుంది. నీకు తీసిన ఎంఆర్‌ఐ మెదడుది. జబ్బు తొడ కండరంలో ఉంటే ఆ ఫొటోలో ఎలా కనిపిస్తుంది? నార్మల్ అంటే ఆ పరీక్ష వెతికిన చోట ఏమీ లేదని, అంతే.

నా కథ నీకు ముక్కలు ముక్కలుగా తెలుసు, మొత్తం చెబుతాను. అప్పుడు హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పేదాన్ని. మొదటి పీరియడ్‌లో నా గొంతు వరండా చివరిదాకా వినపడేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మాట ముక్కుతో వచ్చేది. ఏడో పీరియడ్‌కి వెనక బెంచీ పిల్లలు "టీచర్, వినపడట్లేదు" అనేవాళ్ళు. రాత్రి అన్నం తింటుంటే సగానికే దవడలు అలిసిపోయి గడ్డం కింద చెయ్యి పెట్టుకునేదాన్ని. ఎడమ కనురెప్ప వాలిపోయేది. కళ్ళ డాక్టరు రెండుసార్లు అద్దాలు మార్చాడు. గొంతు డాక్టరు గొంతు బాగుందన్నాడు. ఒక పెద్ద ఆసుపత్రిలోనైతే "నెలసరి ఆగే వయసు కదా, టెన్షన్ తగ్గించుకోండి" అని నిద్రమాత్రలు రాశారు. అన్ని చోట్లకీ నేను పొద్దున్నే వెళ్ళేదాన్ని, ఆ వేళకి నా రెప్పలూ గొంతూ శుభ్రంగా ఉండేవి! మధ్యలో ఏదో జ్వరానికి యాంటీబయాటిక్ ఇంజెక్షన్ చేశారు. రెండో రోజుకి మెడ నిలబడలేదు.

రెండేళ్ళు అలా తిరిగాక, ఒక జూనియర్ డాక్టరమ్మాయి అడిగింది: "ఏ టైంలో బాగుంటారు, ఏ టైంలో బాగోరు?" అంతవరకూ నన్నెవరూ అడగని ప్రశ్న అది. నేనూ చెప్పలేదు. ఏడో పీరియడ్ సంగతి చెప్పాను. ఒకటి నుంచి వంద దాకా పైకి లెక్కపెట్టమంది. యాభై దాటేసరికి మాట ముక్కుతో వచ్చింది. తల కదపకుండా పైకి చూస్తూ ఉండమంది, రెప్ప వాలింది. గ్లౌజులో ఐసు ముక్కలు వేసి రెండు నిమిషాలు రెప్ప మీద పెట్టి తీసింది. రెప్ప లేచింది. మీ పెదనాన్న పక్కనే నిలబడి చూసి కళ్ళు తుడుచుకున్నారు. ఆ తర్వాతే నరానికి వరసగా కరెంటిచ్చి చేసే పరీక్ష, యాంటీబాడీల రక్తపరీక్ష, ఛాతీలో థైమస్ గ్రంథి కోసం సీటీ స్కాన్. పేరు తేలింది, మయస్థీనియా గ్రావిస్. నరం పంపే కబురు కండరానికి సరిగ్గా అందకపోవడం. 1934లో లండన్‌లో మేరీ వాకర్ అనే డాక్టరు, ఈ జబ్బు బాణాలకి పూసే క్యురారే విషం లక్షణాల్లాగే ఉందే అని గమనించి, ఆ విషానికి విరుగుడు మందు ఇచ్చి చూసింది. ఈ రోజు నేను మింగే మాత్ర ఆ జాతిదే. కొన్ని యాంటీబయాటిక్స్ ఈ జబ్బుని పెంచుతాయని, ఆ జ్వరంనాటి ఇంజెక్షన్ అలాంటిదేనని కూడా అప్పుడే తెలిసింది. ఆ మందుల పేర్లు రాసిన కార్డు నా పర్సులో ఎప్పుడూ ఉంటుంది.

నీది నా జబ్బే అని చెప్పడం లేదు. నేను డాక్టర్ని కాను. నీ బాధ ఏ వేళకి పెరుగుతుందో, ఏం చేస్తే పెరుగుతుందో, ఏం చేస్తే తగ్గుతుందో నువ్వే గమనించి చెప్పాలని ఇదంతా రాశాను. పొద్దున లేచేసరికి కాళ్ళు కదలకుండా పోయి, కొన్ని గంటల్లో మామూలైపోయేవాళ్ళుంటారు. చాలామందికి అది ముందురోజు రాత్రి పెళ్ళిభోజనం గట్టిగా తిన్నాకో, ఒళ్ళు అలిసేలా పనిచేశాకో వస్తుంది. అప్పుడు రక్తంలో పొటాషియం చూడాలి. డాక్టరు దగ్గరికి చేరేసరికి అంతా సర్దుకుని ఉంటుంది కాబట్టి, చెప్పకపోతే ఆ సంగతి ఎవరికీ తెలియదు.

ఈ వారం నువ్వు చేయాల్సింది ఏమిటంటే, ఒక నోటుపుస్తకం తీసి మొదటి పేజీలో ఇది ఎప్పుడు మొదలైందో, మొదట ఏ పని కష్టమైందో రాయి. పాత ఫొటోలు, పెళ్ళి వీడియోలు చూడు. రెండేళ్ళ క్రితమే నేల మీంచి లేస్తూ చెయ్యి ఊనుతున్నావేమో అందులో దొరుకుతుంది. నువ్వు మెట్లెక్కేటప్పుడు, నేల మీంచి లేచేటప్పుడు అల్లుడు గారిని ఫోన్లో వీడియో తీయమను. మాటల్లో పది నిమిషాలు పట్టేది వీడియోలో పది సెకన్లలో కనిపిస్తుంది. మింగే ప్రతి మందూ రాయి. కొలెస్ట్రాల్ మాత్రలు కొందరికి కండరాల నొప్పులు తెస్తాయి. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బీ12 తగ్గించొచ్చు. నీకు ఇవి లేకపోయినా, ఆకుమందులైనా, సన్నబడటానికి వాడిన పొడులైనా దాచకు.

ఇంటి చరిత్ర దగ్గర మనవాళ్ళు నోరు విప్పరు, నువ్వు విప్పు. మీ తాతయ్య, అమ్మమ్మలది మేనరికం. మీ చిన్న మేనమామ ముప్ఫై దాటాక కుంటుతూ నడిచేవాడు, అందరం పోలియో అనేశాం. అది ఏమిటో ఏ డాక్టరూ చూడలేదు. దగ్గర సంబంధాల్లో తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ ఒకే లోపమున్న జన్యువు వచ్చే అవకాశం ఎక్కువ. "సంబంధాలు చెడిపోతాయి" అని మీ అమ్మ ఆ మాట ఎత్తొద్దంటోంది. ఎత్తు. ఇంకో మాట. ఒంటి మీద ఎక్కడైనా స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ ఉంటే సిగ్గుపడకుండా చూపించు. కుష్టు నరాలనే పట్టే జబ్బు. మందు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం, వాడితే నయమవుతుంది. దాచుకుని ఆలస్యం చేస్తే చేతివేళ్ళు వంకర్లు పోవచ్చు.

నీ రిపోర్టులు వాట్సాప్‌లో చూశాను. అందులో ఒకటి నన్ను ఆపింది. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే ఎంజైములు రెండూ ఎక్కువున్నాయి. కాలేయం స్కాన్ మాత్రం బాగుంది. కామెర్లేమో అని మీ అమ్మ నేల ఉసిరి పసరు పోస్తోందట. ఆ రెండూ కాలేయంలోనే కాదు, కండరంలోనూ ఉంటాయి. కండరం దెబ్బతింటే కూడా రక్తంలో పెరుగుతాయి. కండరాల జబ్బున్నవాళ్ళు కొందరు కాలేయం అనుకుని ఏళ్ళు గడిపేస్తారు. నీ రిపోర్టుల్లో ఎక్కడా సీపీకే లేదు. అది కండరం చిట్లితే పెరిగే ఎంజైము, మామూలు ల్యాబుల్లోనే చేస్తారు. చాలా ల్యాబులకి 200 లోపు మామూలు, కొన్ని కండరాల జబ్బుల్లో వేలల్లో ఉంటుంది. అది చేయించమని డాక్టర్ని నువ్వే అడుగు. కాకపోతే బాగా కష్టపడి వ్యాయామం చేసినా, కండకి ఇంజెక్షన్ చేయించుకున్నా కొన్ని రోజులు పెరిగి ఉంటుంది. బలం వస్తుందని నిన్ను జిమ్‌కి పంపుతున్నారట కదా, ఈ రక్తపరీక్షకి ముందు కొన్ని రోజులు అది మానెయ్. బీ12 ఇంజెక్షన్లు మొదలుపెట్టారు కాబట్టి, ఇప్పుడు బీ12 చూస్తే ఎక్కువే వస్తుంది. మొదలుపెట్టకముందు చూశారా లేదా అన్నది పుస్తకంలో రాయి. ఎవరైనా "ముందు స్టెరాయిడ్ వాడి చూద్దాం" అంటే, ఏ జబ్బనుకుని ఇస్తున్నారో, కండరం ముక్క తీసి చూసే పరీక్ష అవసరమైతే ఈ మందు వల్ల అది చెడిపోతుందా అని మర్యాదగా అడుగు.

పిక్కలో కండ ఎగురుతోందని రాత్రుళ్ళు ఫోన్లో వెతికి హడలిపోతున్నావట. బలం తగ్గకుండా ఊరికే కండ ఎగరడం చాలామందిలో ఉండేదే. నిద్రలేమి, కాఫీ, బెంగ దాన్ని పెంచుతాయి. నీకు బలం కూడా తగ్గింది కాబట్టి డాక్టరు చూడాలి, అయితే నువ్వు చదివిన ఆ ఒక్క భయంకరమైన పేరే అందుకు కారణం కానక్కర్లేదు.

పెద్దాసుపత్రికే వెళదాం. హైదరాబాద్ పంజాగుట్ట నిమ్స్‌లో న్యూరాలజీ ఉంది, మెడికల్ జెనెటిక్స్ విభాగమూ ఉంది. అక్కడ తేలకపోతే బెంగళూరు నిమ్‌హాన్స్. నెలకో డాక్టర్ని మార్చకు. ఒకరిని పట్టుకుని, "తర్వాత ఏం చూస్తారు, మళ్ళీ ఎప్పుడు రావాలి, ఈలోగా ఏం జరిగితే వెంటనే రావాలి" అని మూడూ అడిగి రాసుకో. నరం కబురు మోసే తీరు చూసే నెర్వ్ కండక్షన్‌లో చిన్న కరెంటు షాకులు తగులుతాయి, కండరం పనితీరు చూసే ఈఎంజీలో సన్నని సూది కండలోకి వెళుతుంది, నొప్పి భరించేంతే. సన్నని నరాల జబ్బుంటే కండక్షన్ మామూలుగానే రావొచ్చు, అప్పుడు బెంగపడకు. జన్యు పరీక్షకి రిపోర్టు రావడానికి వారాలు పడుతుంది. "మార్పు ఉంది, దాని అర్థం ఇంకా తేలలేదు" అని రాసి వచ్చే రోజులూ ఉంటాయి.

టెన్షన్ అన్నారని కోపం తెచ్చుకున్నావు, అది నాకు అర్థమవుతుంది. మెదడు కబురు పంపే తీరు చెడి కాళ్ళూ చేతులూ మాట వినకపోయే జబ్బు నిజంగానే ఉంది, అది నటన కాదు, దానికి చికిత్స ఉంది. అయితే దాన్ని కూడా డాక్టరు మంచం మీద పడుకోబెట్టి, కాళ్ళు ఎత్తించి, గుర్తులు చూసి చెప్పాలి. నిన్ను ముట్టుకోకుండా, సుత్తితో మోకాలు తట్టి చూడకుండా టెన్షన్ అంటే మాత్రం ఆ మాట నమ్మకు.

బుధవారం రాత్రి బస్సుకి బయల్దేరుతున్నాను. గురువారం పొద్దున ఆరున్నరకి ఓపీ దగ్గర ఉందాం. పాత రిపోర్టులన్నీ తేదీల వరసలో పెట్టు, ఎంఆర్‌ఐ ఫిల్ములు కూడా తెచ్చుకో, ఉత్త కాగితం చాలదు. చుడీదార్ వేసుకో, మోకాళ్ళూ మోచేతులూ చూపించడానికి వీలుగా ఉంటుంది. మీ అమ్మకి చెప్పి ఆ పసరు ఆపించు, ఎన్ని రోజులు తాగావో కూడా పుస్తకంలో రాయి. నాకు మధ్యాహ్నం మాత్ర వేసుకునే వేళ గుర్తుచెయ్యి, ఆ హడావుడిలో మర్చిపోతాను.

మీ పెద్దమ్మ