బాణం గుర్తు పైకే ఉండాలి

చిన్నీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "అక్కా, పిల్ల మంచు తవ్వే పని మీద అంటార్కిటికా వెళ్తానంటోంది, నువ్వైనా చెప్పు" అన్నాడు. వద్దని చెప్పమన్నాడో, జాగ్రత్తలు చెప్పమన్నాడో వాడికే తెలిసినట్టు లేదు. ఫోన్ పెట్టేశాక ఒక గంట సంతోషంతో నిద్ర పట్టలేదు, మిగతా రాత్రంతా టెన్షన్‌తో పట్టలేదు. తెల్లారగానే ఇది రాయడం మొదలుపెట్టాను. మీ నాన్నకూ చదివి వినిపించు. నీకు తెలిసిన విషయాలు కొన్ని వాడి కోసమే రాస్తున్నాను.

నేను బయల్దేరినప్పుడు మీ తాతయ్య కూడా ఇంతే. 1983లో వెళ్ళిన బృందంలో సుదీప్త సేన్‌గుప్తా, అదితి పంత్ అని ఇద్దరు ఆడవాళ్ళు ఉన్నారని పేపర్ కటింగ్ చూపించాను. రెండుసార్లు చదివి, "తిండి ఏం పెడతారమ్మా అక్కడ?" అని మాత్రం అడిగారు. అదే ఒప్పుకోవడం. అప్పట్లో గోవా నుంచి ఓడలో నెలరోజుల ప్రయాణం. దారంతా వాంతులు. నువ్వు కేప్‌టౌన్ నుంచి విమానంలో గంటల్లో దిగుతావు. ఆ సుఖంలోనే ఒక చిక్కుంది. ఒంటికి అలవాటుపడే టైమ్ దొరకదు. మొదటి రెండు రోజులు ఎవరేమనుకున్నా మెల్లగా నడువు.

ఉత్తరాఖండ్‌లోని ఔలిలో శిక్షణ ఇస్తారు, తాడు ముళ్ళు కళ్ళు మూసుకుని వేయగలిగేదాకా వదలకు. పళ్ళ డాక్టర్‌కి ఇప్పుడే చూపించుకో. మంచు పగుళ్ళున్న చోట ముందున్న బండి జాడ దాటి ఒక్క అడుగు పక్కకు వేయకు. గాలి లేచి అంతా తెల్లబడితే, టెంట్‌కి పది అడుగుల దూరమైనా తాడు పట్టుకోకుండా వెళ్ళకు.

చలి గురించి అందరూ చెబుతారు, చెమట గురించి చెప్పరు. డ్రిల్ కోసం గొయ్యి తవ్వేటప్పుడు ఒళ్ళు వేడెక్కుతుంది. అప్పుడే పై కోటు తీసేయాలి. బద్ధకించి అలాగే తవ్వితే లోపలి బట్టలు తడుస్తాయి. పని ఆగిన పది నిమిషాలకు ఆ తడి మంచులా వీపుకు అంటుకుంటుంది. మా క్యాంప్‌లో ఒకబ్బాయి అలా వణుకుతూ మాట తడబడి కూర్చుంటే, స్టవ్ ముందుకు తెచ్చి రాత్రంతా కాపలా కాశాం. అందుకే నీకు కోటు కన్నా ముందు నాలుగు జతల లోపలి బట్టలు కావాలంటున్నాను. పోట్లాడకుండా కొనుక్కో.

ఇక చేతి గ్లవ్స్. దీని గురించి ఎక్కువ రాస్తాను. కారణం ఇన్నేళ్ళలో మీ నాన్నకు కూడా చెప్పలేదు.

ముందు మీ నాన్న కోసం నాలుగు మాటలు. తమ్ముడూ, ఫిషింగ్ హార్బర్‌లో ఐస్ దిమ్మ మధ్యలో పాలలా తెల్లగా ఉంటుంది చూశావా? అది ఇరుక్కుపోయిన గాలి. ధ్రువాల దగ్గర కూడా ఏటేటా పడ్డ మంచు కింది మంచును నొక్కుతూ పోతుంది. అరవై, డెబ్బై, ఒక్కోచోట వంద మీటర్ల లోతున రంధ్రాలు మూసుకుపోయి, ఆనాటి గాలి బుడగలుగా మిగిలిపోతుంది. అంటార్కిటికాలో డోమ్ సి అనే చోట యూరప్ వాళ్ళు 3,200 మీటర్ల పైచిలుకు తవ్వి 8 లక్షల ఏళ్ళ గాలిని బయటికి తీశారు. అన్ని లక్షల ఏళ్ళలో కార్బన్ డయాక్సైడ్ 170కీ 300 పీపీఎంకీ మధ్యే ఊగింది (పీపీఎం అంటే పది లక్షల భాగాల గాలిలో ఎన్ని భాగాలని). ఇప్పుడు 420 దాటింది. ఈ లెక్క ఎవరో ఊహించి చెప్పింది కాదు, బుడగ పగలగొట్టి కొలిచింది. 2025 జనవరిలో ఆ దగ్గరే ఇంకో చోట 2,800 మీటర్లు తవ్వి రాతిని తాకారు. అక్కడి మంచు 12 లక్షల ఏళ్ళ పైమాట. నీ కూతురు చేరబోయేది అలాంటి పనిలో.

ఏళ్ళు ఎలా లెక్కపెడతారంటే, నీటిలో ఆక్సిజన్-18 అని కాస్త బరువైన రకం ఉంటుంది. మేఘం చల్లబడేకొద్దీ ఆ బరువైనది దారిలోనే ముందుగా రాలిపోతుంది. అందుకే చలికాలపు మంచులో అది తక్కువ, వేసవి మంచులో ఎక్కువ. మంచు బాగా పడే చోట గ్రాఫ్ గీస్తే అల మీద అలగా కనిపిస్తుంది. ఒక అల, ఒక ఏడాది. ధ్రువాల మంచు పాతకాలపు చలిని ఇలా దాచుకుంటుందని 1954లోనే డెన్మార్క్ ఆయన విల్లీ డాన్స్‌గార్డ్ చెప్పాడు. మధ్యలో అగ్నిపర్వతాల గంధకం గుర్తులు దొరికితే లెక్క సరిచూసుకోవచ్చు. 1815లో పేలిన తంబోరాది అలాంటి గుర్తు.

ఇప్పుడు నా సంగతి. తొంభైల్లో అక్కడి మన దేశపు స్టేషన్ మైత్రి నుంచి బయల్దేరి పైన మంచు మీద క్యాంప్ వేశాం. మా కోర్, అంటే డ్రిల్‌తో తీసిన మంచు కడ్డీ, మొత్తం అరవై మీటర్ల పైచిలుకు, అంతే. డ్రిల్ ఒక్కో విడతకు అర మీటరు ముక్క పైకి తెచ్చేది. లాగ్‌బుక్ నాది. ముక్క రాగానే దాని పై అంచును అంతకుముందు ముక్క కింది అంచుతో కలిపి చూడాలి. విరిగిన గాట్లు ఒకదానిలో ఒకటి కూర్చుంటే పైవైపుకు బాణం గీయాలి. పొడవు, బరువు రాయాలి. పాలిథిన్ గొట్టంలో పెట్టి సీల్ చేయాలి.

ఆరోజు మంచు తుఫాను వస్తోందని రేడియోలో చెప్పారు. ఆ గాలికి ముందు మరో రెండు విడతలు తీద్దామని అందరం తొందరపడ్డాం. నలభై మీటర్ల దగ్గర కోర్ మూడు ముక్కలై వచ్చింది. మందపాటి గ్లవ్‌తో పెన్సిల్ పట్టలేక కుడి చేతిది తీసేశాను. లోపలి పల్చటి జత అప్పటికే తడిసి టెంట్‌లో ఆరుతోంది. రెండు నిమిషాల్లో వేళ్ళు నావి కాకుండా పోయాయి. మధ్య ముక్కను చేతిలో తిప్పాను. రెండు అంచులూ పొడిపొడిగా రాలిపోయి ఉన్నాయి, ఏది పైనో తెలియలేదు. అటు పెట్టి చూశాను, ఇటు పెట్టి చూశాను. వెనకనుంచి "అయిందా?" అని కేక. అయిందన్నాను. బాణం గీశాను. లాగ్‌బుక్‌లో ఆ వరుస మిగతా వరుసల్లాగే నీట్‌గా రాశాను.

రెండేళ్ళ తర్వాత ల్యాబ్‌లో ఒక కుర్రాడు ఆ కోర్ మీద పనిచేశాడు. అలలు లెక్కపెడుతూ తంబోరా దాకా వెళ్ళేసరికి ఒక ఏడాది ఎక్కువ వచ్చింది. మళ్ళీ లెక్కపెట్టాడు. పరికరం తప్పేమోనని శాంపిళ్ళు మళ్ళీ నడిపాడు. మైనస్ 20 డిగ్రీల గదిలో గంటలు గంటలు కూర్చున్నాడు. తనకే పని చేతకావడం లేదనుకుని ముఖం పీక్కుపోయింది. గ్రాఫ్ చూసిన రోజే నాకు అర్థమైంది. ముక్క తలకిందులైతే అల చీలి రెండుగా కనిపిస్తుంది. అయినా రెండు నెలలు నోరు విప్పలేదు చిన్నీ. రెండు నెలలు ఆ పిల్లాడి ఎదురుగా కూర్చుని టీ తాగాను.

చివరికి ఒక సాయంత్రం చెప్పాను. అతను కోప్పడలేదు. లాగ్‌బుక్ తెరిచి ఆ వరుస మీద వేలు పెట్టి, "ఇక్కడ ఒక ప్రశ్న గుర్తు ఉంటే బావుండేది మేడమ్" అన్నాడు. ఆ అర మీటరు పక్కన పెట్టి లెక్క సరిచేశాడు. తన పరిశోధన పేపర్లో ఆ సంగతి ఒక వాక్యంగా రాశాడు. నా పేరు రాయలేదు.

నీకు తెలియనిచోట తెలియదని రాయి. బాణం గీయకు, ప్రశ్న గుర్తు పెట్టు. టీమ్ లీడర్ విసుక్కుంటే విసుక్కోనీ. మంచు తుఫాను వచ్చేస్తున్నా సరే, ఒక విడత తక్కువ తీయండని గట్టిగా చెప్పు. గొంతు పెద్దదే కదా నీది, చిన్నప్పుడు మా వీధంతా వినిపించేది. పెన్నులో ఇంకు గడ్డకడుతుంది కాబట్టి పెన్సిళ్ళు తీసుకెళ్ళు, కోటు లోపల జేబులో రెండు, డబ్బాలో నాలుగు. పల్చటి గ్లవ్స్ ఎన్ని ఉన్నా తక్కువే. ఒట్టి చేత్తో కోర్ ముట్టుకుంటే చేతి ఉప్పు అంటుకుని సోడియం కొలతలు పాడవుతాయన్నది ఒక సంగతి. నీ వేళ్ళు నాకు ముఖ్యమన్నది ఇంకో సంగతి. నా కుడిచేతి చూపుడువేలు డిసెంబరులో ఇప్పటికీ తిమ్మిరెక్కుతుంది. వీణ ఎందుకు మానేశావత్తా అని అడిగేదానివి కదా, అందుకు.

కోర్ ఓడ ఎక్కాక పని అయిపోయిందనుకోకు. భూమధ్యరేఖ దాటి గోవా చేరేదాకా ఆ కంటైనర్ కరెంటు మీద బతుకుతుంది. 2017లో కెనడాలో ఒక యూనివర్సిటీ ఫ్రీజర్ పాడై వేల ఏళ్ళ కోర్లు నీళ్ళయిపోయాయి. ఆ వార్త చదివిన రోజు నేను అన్నం తినలేకపోయాను. కంటైనర్ టెంపరేచర్ ఎవరు చూస్తున్నారో వాళ్ళ ఫోన్ నంబరు నీ దగ్గర ఉంచుకో, ఆ పని నీది కాకపోయినా సరే.

ఆవకాయ పావుకిలో చాలు. నూనె గడ్డకడుతుంది, అన్నంలో పెట్టి వేడి చేసుకోవాలి. నెల తర్వాత ఒక్కసారిగా ఇల్లు గుర్తొచ్చి ఏడుపొస్తుంది, రానీ. కానీ బయట ఏడవకు, కనురెప్పలు అంటుకుపోతాయి.

ఉన్ని గ్లవ్స్ ఆరు జతలు ఈరోజే కొరియర్ చేశాను. వేసుకుని పెన్సిల్‌తో నీ పేరు రాసి చూడు. బిగుతుగా ఉంటే వెంటనే చెప్పు, మార్పిస్తాను. మీ అమ్మతో నేను మాట్లాడతాను, ఆ భారం నువ్వు మోయకు.

మీ అత్త