చికెన్ రేటు చూసి లోన్ తీసుకుంటారా?

ప్రశ్న: మాది విజయవాడ, ఇంట్లో నలుగురం. జీతం రూ.58 వేలు, నెల ఖర్చు రూ.42 వేలు, బ్యాంకులో రూ.40 వేలు ఉన్నాయి. ప్రతి ఆదివారం చికెన్ రేటు డైరీలో రాసుకుంటున్నాను. పోయిన శ్రావణంలో స్కిన్‌లెస్ కిలో రూ.170 ఉంటే, ఈ మే చివర్లో రూ.280. ఏడాది తిరక్కుండానే 65 శాతం! డబ్బు ఊరికే ఉంచితే కరిగిపోతుందని భయంగా ఉంది. 14 శాతం వడ్డీకి రూ.6 లక్షల పర్సనల్ లోన్ తీసుకుని షేర్లలో పెడితే లాభమే కదా?

జవాబు: వద్దు. దయచేసి ఆ లోన్ జోలికి వెళ్లకండి.

రేటు రాసుకోవడం మంచి అలవాటే. కానీ మీ లెక్క మొదలైంది శ్రావణంలో. వ్రతాలు, నోములని చాలా ఇళ్లలో నీచు వండని నెల అది, చికెన్ షాపుల్లో గిరాకీ పడిపోతుంది. దాన్ని పోల్చింది మే నెలతో. ఎండ దెబ్బకు ఫారాల్లో కోళ్లు చచ్చిపోయి సరుకు తగ్గే రోజులవి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ అనగానే చికెన్ అడిగేవాళ్లు తగ్గి రేటు దిగింది. డైరీ ఆ వారం మొదలుపెట్టి ఉంటే లెక్క మరోలా ఉండేది. శ్రావణాన్ని శ్రావణంతోనే పోల్చాలి.

ఒక్క మాంసం ధరను నమ్ముకుంటే ఏమవుతుందో చైనాలో చూశాం. అక్కడివాళ్లు ఎక్కువగా తినేది పంది మాంసం. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌తో పందులు పోయి, 2019 నవంబరులో దాని ధర ఏడాది కిందటి కంటే 110 శాతం పెరిగింది. అదే నెల అన్ని సరుకులూ కలిపి ధరల పెరుగుదల, అంటే ద్రవ్యోల్బణం, 4.5 శాతమే. ఆహారం, ఇంధనం తీసేస్తే 1.4 శాతం. 2021 సెప్టెంబరు వచ్చేసరికి అదే మాంసం ఏడాదిలో దాదాపు 47 శాతం దిగింది. మన దేశంలోనూ 2024 అక్టోబరులో 10.87 శాతం ఉన్న ఆహార ద్రవ్యోల్బణం, 2025 అక్టోబరుకు మైనస్ 5.02 శాతానికి వచ్చింది. ధరలు దిగాయని బ్యాంకు మీ వాయిదా తగ్గించదు.

మీ ఇంటి లెక్కే చూద్దాం. వారానికి కిలో చొప్పున చికెన్ వల్ల పెరిగిన భారం నెలకు రూ.440. లోన్ వాయిదా ఐదేళ్లపాటు నెలకు దాదాపు రూ.13,960, మొత్తం వడ్డీ సుమారు రూ.2.38 లక్షలు. ఇప్పుడు నెలకు మిగిలే రూ.16 వేలలో ఇక మిగిలేది రెండు వేలే. షేర్లు ఐదేళ్లూ పెరుగుతాయని మీకెవరు రాసిచ్చారు?

నాకు అసలు టెన్షన్ మీ దగ్గరున్న ఆ 40 వేల గురించి. నెల ఖర్చుకు కూడా చాలదు. నా దగ్గరికొచ్చిన ఒకాయన ఇలాగే అప్పు తెచ్చి షేర్లు కొన్నారు. వాళ్ల నాన్నగారికి గుండె ఆపరేషన్ జరిగిన వారం మార్కెట్ పడి ఉంది. నష్టానికి అమ్మేశారు. అదీ చాలక భార్య గాజులు తాకట్టు పెట్టారు. ఆ రసీదు నా బల్ల మీద పెడుతుంటే ఆయన చేతులు వణికాయి. మిమ్మల్ని అలా చూడాలని లేదు.

మీకు ఆరు నెలల ఖర్చు, అంటే రూ.2.52 లక్షలు చేతిలో ఉండాలి. నెలకు రూ.12 వేలు ఆర్‌డీలో (బ్యాంకులో నెలనెలా కట్టే డిపాజిట్) వేస్తే, ఉన్న 40 వేలతో కలిపి ఏడాదిన్నరలో సమకూరుతుంది. బోనస్ వస్తే అదీ అందులోకే. మిగిలే నాలుగు వేలలో ఇంటిల్లిపాదికీ హెల్త్ పాలసీ, మీ పేరున టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంట్లోవాళ్లకు డబ్బొచ్చే బీమా) తీసుకోండి. మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టే సిప్‌ల సంగతి ఆ తర్వాత.

డైరీ మానకండి. చికెన్ ఒక్కటే కాకుండా బియ్యం, నూనె, పాలు, కూరగాయలు, గ్యాస్ కలిపి వంటింటి మొత్తం బిల్లు రాయండి. నిరుడు ఇదే నెల కంటే ఎంత పెరిగిందో చూసి, ఆ మేరకు ఆరు నెలల నిధిని పెంచుకోండి. లోన్ ఇస్తామని ఫోన్ చేసినవాళ్లకు ఈరోజే వద్దని చెప్పేయండి. జీతం పడిన మర్నాడే ఆర్‌డీ కట్ అయ్యేలా పెట్టుకోండి.