వెనక బెంచీల గురించి మేనకోడలికి

బ్రాడీపేట,
గుంటూరు

అమ్మాయీ,

తొమ్మిదో తరగతి పిల్లలకు లెక్కలంటే శ్రద్ధే లేదని ఫోన్‌లో వాపోయావు. ఫోన్‌లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావని కాగితం మీద పెడుతున్నాను.

శ్రద్ధ లేదు అనేసుకుంటే ఇక మనం చేయడానికి పనేమీ మిగలదు. ఎందుకు లేదో ఒక్కొక్కరి దగ్గరా వెతకాలి. పిల్లవాడు పెన్ను తీయాలంటే వాడి మనసులో రెండు ప్రశ్నలకు జవాబు దొరకాలి. ఇది నాకు వస్తుందా? వస్తే నాకేంటి? మనస్తత్వ శాస్త్రంలో ఈ రెంటినీ కూడరు, గుణిస్తారు. లెక్కల టీచర్‌వి, నీకు విడమరచాలా? ఒకటి సున్నా అయితే రెండోది ఎంత పెద్దదైనా లబ్ధం సున్నాయే. భిన్నాలు రాని పిల్లవాడి ముందు నిలబడి లెక్కలొస్తేనే ఉద్యోగాలని పీరియడంతా చెప్పావనుకో, వాడు కదలడు. ఆ సంగతి వాడికీ తెలుసు. తనకు వస్తుందన్న ఆశే లేదు.

అందుకని ముందు ఆశ సంగతి చూడు. మార్కులు వేయనని చెప్పి ఒక చిన్న పేపర్ పెట్టు. ఐదు, ఆరు తరగతుల భాగహారం, భిన్నాలు, రుణ సంఖ్యలు ఉంటే చాలు. బహుపదుల దగ్గర ఆగారని నువ్వు అనుకుంటున్న వాళ్ళలో చాలామంది భిన్నాల దగ్గరే ఆగిపోయి ఉంటారు. మూడేళ్ళుగా అర్థం కాని పీరియడ్లలో కూర్చుంటే ఎవరికైనా నిద్రే వస్తుంది. వాళ్ళకు రోజూ పీరియడ్ మొదట్లో, కాస్త ఆలోచిస్తే వచ్చే లెక్క ఒకటి ఇవ్వు. మరీ చిన్నపిల్లల లెక్క ఇచ్చి చప్పట్లు కొట్టించకు, ఆ వయసులో పరువు పట్టింపు మహా ఎక్కువ. యూనిట్ టెస్ట్‌లో తప్పిన వాళ్ళకు వారం ఆగి మళ్ళీ రాసే అవకాశం ఇచ్చి, ఎక్కువ వచ్చిన మార్కే లెక్కలోకి తీసుకో. మన మీద మనకు నమ్మకం కలిగించేవాటిలో అన్నింటికంటే బలమైనది స్వయంగా చేసి గెలిచిన అనుభవమేనని బందూరా అనే శాస్త్రవేత్త తేల్చాడు. నీ ప్రోత్సాహం మాటలు దాని తర్వాతే.

ప్రశ్న అడిగాక నోరు మూసుకోవడం కూడా నేర్చుకో. అమెరికాలో మేరీ బడ్ రోవ్ అనే ఆవిడ తరగతి గదుల్లో రికార్డు చేసి చూస్తే టీచర్లు జవాబు కోసం ఆగేది సగటున ఒక్క సెకనే. మూడు సెకన్లు ఆగిన చోట పిల్లల జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ నోరు విప్పని వాళ్ళూ మాట్లాడారు. పైసా ఖర్చు లేని పని ఇది, కానీ ఆ నిశ్శబ్దం మొదట్లో మనకే కష్టంగా ఉంటుంది.

ఇక 'నాకేంటి' అన్న ప్రశ్న. లెక్కలో మిరపకాయ అని రాసినంత మాత్రాన ఆసక్తి పుట్టదు. మీ ఊళ్ళో సగం ఇళ్ళ సరుకు గుంటూరు యార్డుకే వస్తుంది కదా. ఎన్ని టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వెళ్ళాయి, కమీషన్, హమాలీ పోను చేతికెంత వచ్చింది, ఇవి వాళ్ళ ఇంట్లో రాత్రి నడిచే మాటలు. శాతాల పాఠం అప్పుడు కాటా చీటీలాంటిది ఒకటి నువ్వే తయారుచేసి బోర్డు మీద రాయి. నిజం చీటీలు మాత్రం తెమ్మనకు, ఎవరింటి అప్పు ఎంతో క్లాసులో బయటపడుతుంది. కోతల రోజుల్లో మానేసి వచ్చిన పిల్లను అందరి ముందూ నిలదీయకు. ఏ పాఠం పోయిందో, పక్కన ఎవరి నోట్సు చూడాలో చెప్పి కూర్చోబెట్టు. తనను ఎవరూ పట్టించుకోని గదిలోకి ఏ పిల్లా ఇష్టంగా రాదు.

పెన్నులు, చాక్లెట్లు బహుమతిగా పెడతానన్నావు. కాస్త ఆగు. 1973లో లెపర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం, బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేసింది. బొమ్మ వేస్తే బహుమతి అని ముందే ఆశ చూపిన పిల్లలు, ఒకటి రెండు వారాల తర్వాత తమంతట తాము బొమ్మలు వేసిన సమయం మిగతావాళ్ళతో పోలిస్తే సగమే. చెప్పకుండా ఇచ్చిన బహుమతితో ఆ నష్టం రాలేదు. అసలు ఇష్టమే లేని పనికి మొదట్లో చిన్న ఆశ పెడితే పెట్టు గానీ, ఇప్పటికే ఇష్టంగా చేస్తున్నవాళ్ళ చేతిలో చాక్లెట్ పెట్టి చెడగొట్టకు. పొగడ్తా అంతే. 'తెలివైనవాడివి' అనిపించుకున్న పిల్లలు ఒక ఓటమి తర్వాత జారిపోయారని, శ్రమను మెచ్చుకున్న పిల్లలు నిలబడ్డారని 1998లో ముల్లర్, డ్వెక్ అనే పరిశోధకులు చూపించారు. 'రెండో మెట్టు దగ్గర గుర్తు మార్చడం మర్చిపోలేదు, బాగుంది' అంటే వాడికి రేపు మళ్ళీ ఏం చేయాలో తెలుస్తుంది.

ర్యాంకుల పట్టిక గోడకు అంటించమని ఎవరైనా అంటే, బెజవాడ హోర్డింగులు చాలవా అని అడుగు. హోంవర్క్‌లో ఎనిమిది ఇచ్చి నచ్చినవి ఐదు చేయమను. ఎంచుకునే వీలుంటే పని తమదనిపిస్తుంది.

ఆ మార్కుల్లేని పేపర్ పెట్టాక, పేర్లు కనబడకుండా ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపు. బాగా రాసినవి వద్దు. ఏమీ రాయకుండా ఇచ్చినవీ, సగంలో కొట్టేసినవీ కావాలి నాకు. ఆదివారం ఎలాగూ వస్తావుగా, కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
అత్తయ్య