పాస్‌వర్డ్ లేని వైఫై వాడుకోవచ్చా?

ప్రశ్న: నల్లగొండ రామగిరిలో గది అద్దెకు తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్నాను. పక్కింటివారి వైఫైకి పాస్‌వర్డ్ లేదు, సిగ్నల్ నా గదిలోకి బాగా వస్తోంది. వారిది అన్‌లిమిటెడ్ ప్లానే కనుక పాఠాల వీడియోలు చూసుకుంటే తప్పా? కేసు అవుతుందా?

జవాబు: పాస్‌వర్డ్ పెట్టకపోయినంత మాత్రాన వాడుకొమ్మని అనుమతి ఇచ్చినట్టు కాదు. రూటర్ బిగించిన కుర్రాడు ఎలా వదిలి వెళ్లాడో అలాగే ఏళ్ల తరబడి నడిపించే ఇళ్లు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. తమ వైఫై ఎవరికైనా అందుతోందన్న సంగతే వారికి తెలియకపోవచ్చు.

ఐటీ చట్టం (2000) 43వ సెక్షన్ ప్రకారం యజమాని అనుమతి లేకుండా ఒకరి కంప్యూటర్ నెట్‌వర్క్‌లోకి వెళితే నష్టపరిహారం చెల్లించవలసి రావచ్చు. అదే పని మోసపూరితంగానో, అక్రమ లాభం పొందే ఉద్దేశంతోనో చేస్తే 66వ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అంటే ఫోన్ తనంతట తాను ఒకసారి కనెక్ట్ అవడం వేరు, తెలిసి రోజూ వాడుకోవడం వేరు. పాఠాలు విన్నందుకు పోలీసులు తలుపు తడతారని మిమ్మల్ని భయపెట్టను కానీ, పాస్‌వర్డ్ లేదు కదా అన్న మాట మిమ్మల్ని కాపాడుతుందని నేననుకోను.

అసలు చిక్కు మరొకటి ఉంది. ఒక రూటర్ వెనుక ఎన్ని ఫోన్లున్నా బయటి ప్రపంచానికి కనిపించే ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో కనెక్షన్‌ను గుర్తించే సంఖ్య) ఒక్కటే. అది కనెక్షన్ ఎవరి పేర ఉందో వారిని చూపిస్తుంది. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్లకు కాస్త ముందు వెళ్లిన ఈమెయిల్, నవీ ముంబైలో ఒకరి ఇంటి ఓపెన్ వైఫై నుంచి పోయినట్టు తేలడంతో, ఆ ఇంటాయన విచారణ ఎదుర్కోవలసి వచ్చింది. మీరు వాడుతున్న వైఫైని మరొకరు కూడా వాడుతుంటే, రేపు లెక్క చెప్పుకోవలసింది మీ పక్కింటివారే.

మీకూ ముప్పు లేకపోలేదు. పాస్‌వర్డ్ లేని వైఫైలో ఫోన్‌కూ రూటర్‌కూ మధ్య ఎన్‌క్రిప్షన్, అంటే ఇతరులు చదవకుండా సమాచారాన్ని సంకేతాల్లోకి మార్చే రక్షణ, సాధారణంగా ఉండదు. మీరు ఏయే సైట్లు తెరుస్తున్నారో దగ్గర్లోని మరొకరు పసిగట్టవచ్చు. అదే పేరుతో ఎవరైనా దొంగ వైఫై పెట్టినా మీ ఫోన్ గుర్తుపట్టలేదు.

కనుక ముందు ఫోన్‌లో ఆ నెట్‌వర్క్‌ను ‘ఫర్గెట్’ చేసి, వెళ్లి వారితో విషయం చెప్పండి. అన్‌లిమిటెడ్ అన్న ప్లాన్లలోనూ సాధారణంగా ఒక పరిమితి దాటాక వేగం పడిపోతుందని గుర్తుంచుకుని, బిల్లులో కొంత ఇస్తానని అడగండి. వారు సరేనంటే, ఇల్లు దాటి పంచుకోవడానికి కంపెనీ షరతులు ఒప్పుకుంటాయో లేదో చూసుకుని, డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 (రూటర్ సెట్టింగుల్లో కనిపించే వైఫై భద్రతా పద్ధతులు) పాస్‌వర్డ్‌తో మీకు విడిగా గెస్ట్ నెట్‌వర్క్ (అదే రూటర్‌పై బయటివారి కోసం వేరుగా పెట్టే వైఫై) పెట్టించుకోవచ్చు.

ప్రశ్న: మహబూబ్‌నగర్ మెట్టుగడ్డలో మాకు టిఫిన్ సెంటర్ ఉంది. మా వైఫై ఎవరు వాడుతున్నారో ఎలా తెలుస్తుంది?

జవాబు: బ్రౌజర్‌లో 192.168.1.1 లేదా రూటర్ అడుగున రాసి ఉన్న అడ్రస్ తెరిచి లాగిన్ అయితే, కనెక్ట్ అయిన ఫోన్ల జాబితా వస్తుంది. ఈమధ్య ఫోన్లు అసలు మ్యాక్ అడ్రస్ (ఒక్కో ఫోన్‌కు ఉండే గుర్తింపు సంఖ్య) దాచి మరొకటి చూపిస్తున్నాయి కనుక, ఒక్కొక్కరినీ బ్లాక్ చేస్తూ కూర్చోవడం వృథా శ్రమ. పాస్‌వర్డ్ మార్చండి, అందరూ ఒకేసారి బయటికి పోతారు.